మెడ మీద దారం గీత

జూన్ 2, సోమవారం

నారాయణగూడలో సంఘం మీటింగు. ఫంక్షన్ హాల్ పై అంతస్తు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను తిరుగుతుంది, ఒకటి తిరగదు. చుట్టుపక్కల బ్యూటీ పార్లర్లు నడిపే ఆడవాళ్లం అందరం వచ్చాం. చిక్కడపల్లి నుంచి నేను ఒక్కదాన్నే. రాగిణి ప్రెసిడెంటు కాబట్టి మైకు ఆమె చేతిలోంచి దిగలేదు.

క్లాసు చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మ చిన్న పిల్ల. వ్యాక్సు గిన్నెలో ఒకసారి వాడిన పుల్లను మళ్లీ ముంచొద్దంది. ఒకటే పౌడరు పఫ్ అందరి మొహాలకూ కొట్టొద్దంది. నీలం లైటు పెట్టెలో పెట్టినంత మాత్రాన కత్తెర శుభ్రం కాదు, ముందు సబ్బుతో కడగాలంది. ఈ జాగ్రత్తలన్నీ నా దగ్గర ఎప్పటి నుంచో ఉన్నవే. మిగతావాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. నీలం లైటు చూస్తే కస్టమర్లు మురిసిపోతారు కాబట్టి పెట్టె అందరికీ ఉంది. లోపల దువ్వెనలు, బొట్టుబిళ్లలు. ఒకామె దానిలో టిఫిన్ డబ్బా పెట్టుకోవడం నేనే చూశాను.

తర్వాత ఐబ్రోస్ సంగతి వచ్చింది. దారం కొసను పళ్ల మధ్య పట్టుకుని చేయొద్దంది. నోటి తడి దారానికి అంటుతుంది, దారం చర్మాన్ని కంటికి కనపడకుండా కోస్తుంది, మన నోట్లో ఏముంటే అది వాళ్ల కంటి పక్కకు పోతుంది అంది. హాలంతా నవ్వింది. "నోట్లొద్దంటే కాలి వేళ్ల సందుల పెట్టుకోవాల్నా మేడం?" అని నల్లకుంటలో పార్లర్ ఉన్నామె అడిగింది. డాక్టరమ్మ కూడా నవ్వి, దారాన్ని తన మెడకు ముడి వేసుకుని, రెండు చేతులతో మెలి తిప్పి చూపించింది.

చివర్లో రాగిణి నన్ను చూపించి మైకులో, "మన దమయంతక్క పార్లర్ చూసి నేర్చుకోవాలె. వచ్చే నెల క్లాసు ఆమెనే చెప్తది" అంది. చప్పట్లు కొట్టారు. నాకు బాగా అనిపించింది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

జూన్ 3, మంగళవారం

అంబికకు చెప్పాను, ఈ రోజు నుంచి దారం నోట్లో పెట్టొద్దని. ఆమె పుట్టినప్పటి నుంచి నోట్లో దారంతోనే ఉన్నట్టు చూసింది. నా దగ్గర పనిచేసే ఒకే ఒక్క మనిషి అంబిక. పాలమూరు వైపు వాళ్లు. భర్త ఎల్లేష్ కట్టడాల దగ్గర మేస్త్రీ కింద పని, అడిక్‌మెట్ బస్తీలో ఉంటారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కి చదివే పిల్లలంతా మా మెట్లెక్కేది అంబిక చేతి కోసమే. నా కోసం అని ఎవరైనా అంటే నేనే నమ్మను.

"మెడకు ముడేసుకుంటె ఉరేసుకున్నట్టుంటది అక్కా" అంది. కస్టమర్లు లేనప్పుడు అక్క, ఉన్నప్పుడు మేడం.

"అలవాటైతది" అన్నాను.

నేను కూడా వేసుకుని చూశాను. రెండు నిమిషాలకే మెడ నుంచి భుజం దాకా గుంజింది. మెడ ఎముకలు అరిగాయని డాక్టరు ముందే చెప్పాడు. నేను ఎట్లాగూ కౌంటర్ దగ్గరే ఉంటాను, దారం పని అంబికది.

జూన్ 5, గురువారం

బోర్డు వచ్చింది. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు: ఇక్కడ దారం నోట్లో పెట్టబడదు. మా ఆయన మెట్ల దగ్గర నిలబడి చదివి, "బస్టాండ్ల ఉమ్మి వేయరాదు అన్నట్టుంది" అన్నాడు. కరెంటాఫీసులో రిటైరైనప్పటి నుంచి ఆయనకు బోర్డులు చదవడం ఒక పని.

జూన్ 6, శుక్రవారం

అంబిక మెడ మీద ఎర్రగా గీత పడింది. కొబ్బరినూనె ఇచ్చాను.

జూన్ 8, ఆదివారం

హాస్టల్ పిల్లల రోజు. బెంచీ చాలక మెట్ల మీద కూర్చున్నారు. మెడ దారంతో అంబిక చేయి నెమ్మదించింది. ఒక పిల్ల విసుక్కుని, "మునుపటి లెక్కనే చెయ్యక్కా, జల్ది అయితది" అంది.

"బోర్డు సదువుకో సెల్లె" అని అంబిక దారం తిప్పుతూనే ఉంది.

నాకు నవ్వొచ్చింది. బోర్డు పెట్టింది నేను, పాటించేది ఆమె.

జూన్ 12, గురువారం

అంబిక తల్లి బుగ్గమ్మ బావి దగ్గర జారి పడిందట. పొద్దున్నే ఫోన్. అంబిక జడ్చర్ల బస్సెక్కింది. నాలుగైదు రోజులు పడుతుందంది. వెళ్లి రమ్మన్నాను.

జూన్ 13, శుక్రవారం

కింది పెదవి చిమచిమ. మామిడిపండ్లు ఎక్కువయ్యాయి, వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. మా ఆయన చూసి, "ఏటా నీకు ఈ టైముకు వస్తది" అన్నాడు. ఎండాకాలం ఏటా వస్తుంది, దానితోపాటు ఇదీ.

జూన్ 14, శనివారం

అంబిక లేదని ముగ్గురు మెట్ల మీది నుంచే తిరిగి వెళ్లారు.

తర్వాత సంయుక్త వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల, అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతుంది. పరీక్ష వచ్చే నెల. ఏదో అప్లికేషన్‌కు ఫొటో దిగాలంది. అంబిక లేదనగానే ఆమె కూడా మెట్ల వైపు తిరిగింది.

"కూసో. నేను మర్చిపోయిన అనుకున్నవా?" అన్నాను.

మెడకు దారం వేసుకుని మొదలుపెట్టాను. ఒక కనుబొమ్మ సగం కాకముందే మెడ నుంచి చేయి దాకా గుంజింది. పిల్ల కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో రెప్పను బిగించి పట్టుకుని ఉంది. మెడ నుంచి దారం తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. నా ముందు పన్నుకు దారం వల్ల గాడి పడింది, అన్నేళ్లు చేసిన పని. దారం దానంతట అది వెళ్లి ఆ గాడిలో కూర్చుంటుంది. చేయి ఏమీ మర్చిపోలేదు.

అద్దంలో చూసుకుని, "అంబికక్క చేసినట్టే ఉంది ఆంటీ" అంది. మెచ్చుకోలే అనుకున్నాను.

అంబిక వచ్చేదాకే కదా.

సాయంత్రానికి పెదవి మీద పొక్కు తేలింది. నెయ్యి రాశాను.

జూన్ 15, ఆదివారం

మాస్కు పెట్టుకుని కూర్చున్నాను. ఐబ్రోస్‌కు వచ్చిన వాళ్లందరినీ అంబిక వచ్చాక రమ్మన్నాను. పొక్కు పెట్టుకుని చేయకూడదని నాకు తెలియదా.

జూన్ 17, మంగళవారం

అంబిక వచ్చింది. బుగ్గమ్మకు ఎముక విరగలేదట, వాపే. నేరేడు పండ్లు తెచ్చింది. నా పెదవి మీద పక్కు కట్టి ఉంటే చూసింది.

"పెదవికేమైందక్కా?"

"వేడి."

కిందికి దిగి నా కోసం మజ్జిగ ప్యాకెట్ తెచ్చింది. ఊళ్లో ఉన్నన్నాళ్లు మెడ మీద గీత మాసిపోయింది. సాయంత్రానికి మళ్లీ ఎర్రబడింది.

జూన్ 21, శనివారం

సంయుక్త వచ్చింది. నల్లద్దాలు, పక్కన ఆమె రూమ్మేటు రమ్య. అద్దాలు తీస్తే ఎడమ కనుబొమ్మ కింద నీటి పొక్కుల గుత్తి. రెప్ప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. చూడలేక నేను ఆమె చెప్పుల వైపు చూశాను.

కళ్ల డాక్టరు హెర్పిస్ అన్నాడట. మనుషుల పెదవుల మీద పొక్కులొస్తాయి కదా, ఆ వైరస్సే. నల్లగుడ్డు మీద కూడా పుండు పడింది. చూపుకు ఏమీ కాదు కదా అంటే, మందులు టైముకు వేసుకుంటే చాలావరకు ఏమీ కాదు అన్నాడట. చాలావరకు అన్న మాట ఆ పిల్ల రెండుసార్లు చెప్పింది. ఐబ్రోస్ చేయించుకున్నావా, చేసినామె దారం నోట్లో పట్టుకుందా అని కూడా అడిగాడట.

"నేను కండ్లు మూసుకున్న గద ఆంటీ. ఏం చూడలే" అంది.

కుర్చీలు నిండుగా ఉన్నాయి. అందరూ అంబిక వైపు చూశారు. ఐబ్రోస్ అంటే అంబికే కాబట్టి ఎవరికైనా అటే చూడాలనిపిస్తుంది. అంబిక మెడలో దారం అట్లాగే ఉంది.

"ఎప్పుడు చేయించుకున్నవ్ సెల్లె?" అని అడిగింది.

"పోయిన శనివారం" అంది రమ్య.

అంబిక నా వైపు చూసింది. నీలం లైటు పెట్టె తలుపు సరిగా పడటం లేదు, నేను అది సరిచేస్తున్నాను.

జూన్ 22, ఆదివారం

తొమ్మిది మందే వచ్చారు. మామూలు ఆదివారం కాదు.

జూన్ 23, సోమవారం

హాస్టల్ పిల్లలు హెర్పిస్ అని ఫోన్లో కొట్టి చూశారట. అందులో ఏమేమో రాశారు, సగం పడకగది సంగతులు. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఈ వైరస్ సగం లోకానికి ఉంటుంది, చిన్నప్పుడు ముద్దు పెట్టుకున్న వాళ్ల దగ్గరి నుంచి కూడా వస్తుంది అని అందులోనే ఉండి ఉంటుంది. అంత కిందికి ఎవరు చదువుతారు.

ఫేషియల్‌కు వచ్చినామె కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి, "మీ అంబిక ఉండేది బస్తీల గదా. మొగడు పని కోసం ఊర్లు తిరుగుతడు. ఏం తెచ్చిండో ఎవరికెరుక?" అంది. అంబిక లోపల టవల్స్ ఉతుకుతుంది. నల్లా కట్టేసిన చప్పుడు వినపడింది, అంటే మాటలు కూడా వినపడ్డాయి.

నేను ఆ కస్టమర్‌కు చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

జూన్ 24, మంగళవారం

రాగిణి ఫోన్. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు, ఆమెకు చెప్పని వాళ్లెవరో కూడా తెలియదు.

"ఎవరు చేసిండ్రు అక్కా ఆ పిల్లకు?"

"ఆ పిల్ల ఎప్పుడూ అంబిక దగ్గరనే చేయించుకుంటది" అన్నాను.

అది అబద్ధం కాదు. రెండేళ్ల నుంచి అంబిక దగ్గరే.

"తీసెయ్ మరి. వచ్చే నెల నువ్వు క్లాసు చెప్పాలె. నీ పార్లర్ల ఇట్ల అయితె నా మొహం ఎక్కడ పెట్టుకోవాలె? బర్కత్‌పుర, నల్లకుంట వాళ్లకు కూడ చెప్త, ఎవరూ పెట్టుకోవద్దని."

వద్దు అనాల్సింది. సిగ్నల్ సరిగా లేదు అనుకున్నాను. సిగ్నల్ బాగానే ఉంది.

జూన్ 25, బుధవారం

అంబికతో కొన్నాళ్లు ఇంట్లో ఉండు అన్నాను. జనం మర్చిపోయేదాకా.

ఆమె టవల్ మడత పెడుతుంది. మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"ఆ శనివారం నేను ఊర్ల ఉంటి గదక్కా."

"ఏ రోజు ఎవరు చేసిండ్రో ఎవరికి గుర్తుంటది" అన్నాను.

"నీకు గుర్తు లేదా?"

నేను నీళ్లు తాగాను. ఆమె చాలాసేపు చూసింది. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు, అట్లా చూస్తే నేను ఏం చేయాలి. మెడలోంచి దారం తెంపి చెత్తబుట్టలో వేసింది. రీలు అద్దం పక్కన మేకుకు తగిలించింది. చెప్పులు వేసుకున్నాక తలుపు దగ్గర ఆగి, "పోయొస్త మేడం" అంది.

లోపల కస్టమర్లు ఎవరూ లేరు.

జూన్ 26, గురువారం

రీలు మేకుకే ఉంది.

జూన్ 28, శనివారం

అశోక్‌నగర్ వెళ్లాను, సంయుక్త హాస్టల్‌కు. యాపిల్స్ తీసుకుని. మూడో అంతస్తు, గదికి నలుగురు. కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేశారు. సంయుక్త కంటికి మందు వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. రమ్య ఆమెకు రాజ్యాంగం నోట్సు పైకి చదివి వినిపిస్తుంది. నేను వెళ్లగానే ఆపింది.

వెలుతురు చూస్తే కన్ను సూదులు గుచ్చినట్టు ఉందట. పుండు తగ్గుతుందో లేదో డాక్టరు వచ్చే వారం చెప్తాడట. నాన్న ఇంటికి వచ్చేయమన్నాడట. వచ్చేస్తే మళ్లీ పంపడు అని ఇక్కడే ఉండిపోయిందట. ఏడవకూడదు, ఏడిస్తే కన్ను ఇంకా మండుతుంది అని నవ్వుతూ చెప్పింది.

"అంబికక్కను తీసేసిండ్రంట?" అని అడిగింది.

"కొన్నాళ్లే" అన్నాను.

"ఆ రోజు మీరే చేసిండ్రు గద ఆంటీ."

రమ్య నోట్సులోకి చూస్తుంది.

"నేను అందరికి చెప్పిన, అంబికక్క కాదని. పిల్లలు వింటలేరు, ఏదో ఒక రోజు ఆమెనే చేసుంటది అంటున్నరు. మీరు చెప్తె వింటరు." తర్వాత, నా మొహం చూసో ఏమో, "మీ పెదవి మీద కూడ అప్పుడు ఏం లేకుండె. కూసునేటప్పుడు చూసిన. మీరు మాత్రం ఏం చేస్తరు" అంది.

మెట్లు దిగుతున్నంతసేపు ఆ మాటే పట్టుకున్నాను. అప్పటికి పొక్కు లేదు. చూసిన మనిషే చెప్పింది.

జూన్ 29, ఆదివారం

అప్పటికి పొక్కు లేదు.

జూన్ 30, సోమవారం

బీపీ మాత్రల కోసం మా డాక్టరు దగ్గరికి వెళ్లాను. లేచేటప్పుడు అడిగాను, పెదవి మీద పొక్కు తేలకముందు కూడా అంటుతుందా అని.

"చిమచిమలాడుతున్నది అంటెనే వైరస్ పైకొచ్చినట్టు. అప్పుడు కూడ అంటుతది. ఒక్కోసారి ఏం లేనప్పుడు కూడ" అన్నాడు. "ఎందుకడుగుతున్నరమ్మా?"

"క్లాసు చెప్పాలి."

జూలై 4, శుక్రవారం

అడిక్‌మెట్ వైపు వెళ్లాను. పనేమీ లేదు. ఎత్తు దారిలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, దాని ముందు ఆటో ఆపించాను. అంబిక తలకు తువ్వాల చుట్టుకుని సిమెంటు తట్ట అందిస్తుంది. పక్కన ఎల్లేష్. రాగిణి చెప్పినట్టే ఎవరూ పనిలో పెట్టుకోలేదు.

ఆటో దిగలేదు. చేతులు చూశాను, అంత దూరం నుంచి కూడా చూశాను. సిమెంటుకు వేలి కొసలు పగులుతాయి, పగిలిన వేళ్ల మీద దారం జారదు, పట్టుకుంటుంది. ఆ చేయి పోతే మళ్లీ రాదు. అది నాకన్నా బాగా ఎవరికి తెలుసు. ఆటో అతను, "దిగుతరా మేడం?" అని రెండుసార్లు అడిగాడు.

జూలై 7, సోమవారం

క్లాసు చెప్పాను. బాగా చెప్పాను.

మైకు పట్టుకుంటే నాకు భయం ఉండదని ఈ రోజు తెలిసింది. చేతులు ఎట్లా కడగాలి, టవల్స్ ఏ నీళ్లలో ఉడకబెట్టాలి, రక్తం వస్తే ఏం చేయాలి, పనిచేసే పిల్లలకు గ్లౌజులు, మాస్కులు మనమే ఎందుకు ఇవ్వాలి అన్నీ చెప్పాను. కస్టమర్ కుర్చీలో కూర్చోగానే, ఈ మధ్య పెదవుల మీద, మొహం మీద పొక్కులు వచ్చాయా అని అడగాలి, ఉంటే మానేదాకా చేయకూడదు అన్నాను. అదే ప్రశ్న పొద్దున అద్దం ముందు మనల్ని మనం కూడా అడగాలి అన్నాను. అది డాక్టరమ్మ చెప్పలేదు, నేనే కలిపాను.

తర్వాత, "ఒక పార్లర్‌లో ఇట్లా జాగ్రత్త తీసుకోక ఒక ఆడపిల్ల కన్ను పోగొట్టుకోబోయింది" అన్నాను. హాలంతా తలలు ఊపింది. ఒక పార్లర్ అంటే ఏదో అందరికీ తెలుసు. అది ఎవరి చేయి అని కూడా అందరూ తమకు తెలుసనే అనుకుంటున్నారు. అక్కడ ఆగాను. ఇంకో మాట ఉంది, నాలుక దాకా వచ్చింది. రాగిణి శాలువా కప్పింది.

జూలై 8, మంగళవారం

మా ఆయన శాలువా మడిచి బీరువాలో పెట్టాడు. "ఆ రోజు అంబిక ఊర్ల ఉండె గదా" అన్నాడు, బీరువా తలుపు మూస్తూ. అంతే అన్నాడు. పేపర్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు.

జూలై 11, శుక్రవారం

బోనాల ముందు శుక్రవారం. పార్లర్ కిటకిటలాడాలి. వచ్చిన వాళ్లు ముందు అంబిక ఉందా అని చూసి, లేదని తెలిసి కూర్చుంటున్నారు. వ్యాక్సింగ్, ఫేషియల్ చేయించుకుని ఐబ్రోస్ అడగకుండా పోతున్నారు. అడిగినా చేసేవాళ్లు లేరు. నేను దారం ముట్టుకోవడం లేదు.

నాలుక ఊరికే వెళ్లి పన్ను గాడిని తడుముతుంది.

జూలై 21, సోమవారం

సంయుక్త వచ్చింది, నల్లద్దాలు లేకుండా. పరీక్ష రాసిందట. ఎడమ కన్ను కొంచెం మసకగా ఉంది, తగ్గుతుంది అన్నాడట డాక్టరు. ఇది మళ్లీ వచ్చే రకం కాబట్టి జ్వరం వచ్చినా కన్ను ఎర్రబడినా వెంటనే రమ్మన్నాడట, ఎన్నేళ్లయినా సరే. కనుబొమ్మ కింద చిన్న తెల్ల మచ్చ. బాగా రాశావా అంటే, "చివరి పేపర్ల కండ్లు గుంజినయి ఆంటీ. చూడాలె" అంది.

చూడాలి. ఒక మార్కుతో ఉద్యోగాలు పోయే పరీక్ష. అది నా వల్లే అని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇంకెక్కడా అనలేదు.

కుర్చీ వైపు చూసింది. "మీరు చేస్తరా? రెండు దిక్కులా పెరిగినయి" అంది. ఆ పిల్ల నిజంగానే కూర్చోబోయింది. నేను కుర్చీ పట్టుకున్నాను, కూర్చోనివ్వలేదు.

"నేను చేయను."

"అయితె అంబికక్క దగ్గరికి పోత. నల్లకుంటల పనికి పెట్టిచ్చిన" అంది. వారం క్రితం అంబికను వెంటపెట్టుకుని వెళ్లిందట. ఇదీ నా కన్ను, ఇదీ అంబికక్క, చేసింది ఈమె కాదు అని ఆ ఓనరుకు చెప్పిందట. "మీ పేరు చెప్పలే ఆంటీ. అది మీరు చెప్పుకునేది గదా. పేరు చెప్పకపోతె వాళ్లకు పూర్తిగ నమ్మకం రాలే. ఈ నెలాఖరు దాక చూస్తరంట. కస్టమర్లు గుర్తుపట్టి లేచిపోతున్నరు. ఇట్లయితె తీసేస్తరు, మళ్లీ సిమెంటు పనికే పోతది."

ఆమెకు కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

జూలై 23, బుధవారం

నల్లకుంట వెళ్లాను. కూరగాయల మార్కెట్ సందులో, మెడికల్ షాపు పైన. ఓనరు ఎవరో కాదు, కాలి వేళ్ల సందుల పెట్టుకోవాల్నా అని అడిగినామె. నన్ను చూసి లేచి నిలబడింది. "దమయంతక్కా, మీరా? మొన్న క్లాసు మస్తు చెప్పిండ్రు. మీరు చెప్పినట్టే చేస్తున్నం" అని గోడ చూపించింది. నేను చెప్పినవన్నీ రంగు పెన్నులతో రాసి అతికించుకుంది. బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు. రెండో కుర్చీ ఖాళీగా ఉంది, దాని వెనక అంబిక ఖాళీగా నిలబడి ఉంది.

"ఐబ్రోస్" అన్నాను.

ఓనరు తను లేవబోయింది. నేను అంబిక కుర్చీలో కూర్చున్నాను.

అంబిక చేతులు కడుక్కుంది. వేలి కొసలు ఇంకా మానలేదు, పగుళ్ల మీద తెల్లగా మందు ఉంది. కొత్త రీలులోంచి దారం తీసి మెడకు ముడి వేసుకుంది. గీత పాత చోటే ఉంది. తర్వాత ఎవరినైనా అడిగే గొంతుతో అడిగింది.

"ఈ మధ్య పెదవుల మీద గాని, మొహం మీద గాని పొక్కులొచ్చినయా మేడం?"

నేను నేర్పిన ప్రశ్నే.

"వచ్చింది" అన్నాను. "జూన్‌ల. నువ్వు ఊరికి పోయినప్పుడు."

దారం మెలి తిప్పుతున్న చేతులు ఆగాయి.

"సంయుక్తకు ఐబ్రోస్ చేసింది నేను. దారం నా పండ్లల్ల పట్టుకున్న. నా పెదవి అప్పటికే చిమచిమలాడుతుండె, అయినా చేసిన." మైకు లేకపోయినా గొంతు మైకు ముందు కన్నా పెద్దగా వచ్చింది. బెంచీ మీది ఆమె ఫోన్ దించింది. ఓనరు పౌడరు డబ్బా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "అంబిక ఆ రోజు హైదరాబాద్‌లనే లేదు. నేను చెప్పినప్పటి నుంచి ఆమె దారం నోట్ల పెట్టలే. ఆమె మెడ చూడుండ్రి."

అందరూ చూశారు. అంబిక ఎవరినీ చూడలేదు. సాయంత్రంలోపు ఇది రాగిణి దాకా పోతుందని నాకు తెలుసు. పోనీ.

కింద సందులో ఉల్లిగడ్డల బండి మైకు అరుచుకుంటూ వెళ్లింది. అంబిక దారం మెలిని సరిచేసుకుంది.

"ఇప్పుడైతె ఏం లేదు గదా?" అని అడిగింది అంబిక.

"లేదు."

వంగి నా పెదవులను వెలుతురుకు తిప్పి చూసింది. మాట నమ్మి ఊరుకోకుండా కళ్లతో చూడాలని కూడా క్లాసులో నేనే చెప్పాను.

"ఎనక్కి ఆనుకోండ్రి మేడం. పైనా కిందా జర గట్టిగ పట్టుకోండ్రి."

పట్టుకుని కళ్లు మూసుకున్నాను.